వంతు ఎవరిది

మంజీర పారే ఈ నేలకు ఒక పాత కథ మీద హక్కుంది. నస్రుల్లాబాద్ నుంచి ఉత్తరంగా బోధన్ పోతే, అక్కడి పెద్దలు తమ ఊరే భారతంలోని ఏకచక్రపురమని చెబుతారు. ఊళ్లో ఏకచక్రేశ్వరుడి గుడి ఉంది. శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ల జనం అక్కడికి కదులుతారు. పాండవులు లక్క ఇంటి నుంచి తప్పించుకుని తలదాచుకున్నది ఇక్కడేనని, భీముడు బకాసురుణ్ణి చంపింది ఇక్కడేనని తరాల నమ్మకం. కర్ణాటకలోని కైవారం వాళ్లు కూడా తమ ఊరి గురించి ఇదే మాట చెప్పుకుంటారు. అసలు ఏకచక్రపురం ఏదో తేల్చే పని పరిశోధకులది. ఒక ప్రాంతం తన పేరు కలుపుకోవడానికి భారతమంతటిలోనుంచి ఏ కథను ఏరుకుందన్నదే మమ్మల్ని ఆపింది. పట్టాభిషేకాన్ని, రాజసూయాన్ని, పద్దెనిమిది రోజుల యుద్ధాన్ని వదిలేసి, ఒక పేద ఇంట్లో వినబడిన ఏడుపును మన పూర్వులు తమది చేసుకున్నారు.

ఈ కథలో జనం నోట మిగిలింది భీముడి తిండి. బండెడు అన్నం, దాన్ని రాక్షసుడి కళ్లముందే లాగించడం, వీపు మీద గుద్దులు పడుతున్నా వెనక్కి తిరిగి చూడకపోవడం. పిల్లలకు చెప్పేటప్పుడు మనం అక్కడే కథను సాగదీస్తాం. కానీ ఆదిపర్వం తెరిచిన వాళ్లకు తెలుసు, భీముడు బండి కట్టడానికి చాలా ముందే ఈ కథ బరువెక్కింది.

పాండవులు బ్రాహ్మణ వేషంలో ఒక గృహస్థు ఇంట్లో ఉంటున్నారు. బిచ్చమెత్తి తెచ్చినదాంట్లో సగం భీముడికి, మిగిలిన సగం మిగతా ఐదుగురికి. ఒకనాడు అన్నదమ్ములు నలుగురూ భిక్షకు పోగా కుంతి, భీముడు ఇంట్లో ఉన్నారు. లోపలి నుంచి ఏడుపు. ఊరికి బకుడి బాధ ఉంది. వంతు ప్రకారం ఇంటికొక మనిషిని, బండెడు అన్నాన్ని, రెండు దున్నలను పంపాలి. ఈసారి వంతు ఆ ఇంటిది. నేను పోతానని తండ్రి. నువ్వు పోతే ఈ పిల్లలను సాకలేను, నేనే పోతానని తల్లి. ఎట్లాగూ ఒకరి ఇంటికి ఇవ్వవలసిన దాన్ని, నన్నే ఇచ్చి అందరూ బతకండని కూతురు. మాటలు కూడా సరిగ్గా రాని చిన్నవాడు ఒక గడ్డిపరక చేతబట్టి, దీనితో రాక్షసుణ్ణి చంపేస్తానంటాడు. అంత ఏడుపులోనూ వాళ్లకు నవ్వొస్తుంది. ప్రపంచ సాహిత్యంలో ధైర్యం గురించి రాసిన గొప్ప ఘట్టాలను వరుసగా పేర్చితే, గడ్డిపరక పట్టుకున్న ఆ పసివాడికి అందులో చోటివ్వాలని మా అభిప్రాయం.

ఆ తండ్రి మాటల్లో ఇంకో సంగతి ఉంది. ఈ ఊరు విడిచి పోదామని అతడు ముందే భార్యతో అన్నాడు. పుట్టి పెరిగిన ఊరు, నావాళ్లు బతికిన ఊరు, ఎట్లా పోతామని ఆమె కదలలేదు. రాజు ఉన్నాడు గానీ ప్రజను కాపాడే చేవ లేనివాడు. అందుకే జనం తమలో తామే వంతులు పంచుకుని చావును ఒక పద్ధతిలో పెట్టుకున్నారు. కవి ఈ మాటను గట్టిగా చెప్పడు. బాధితుడి నోట ఊరికే అనిపించి పోతాడు. వెట్టి చూసిన తెలంగాణ పల్లెలకు, ఇంటింటి నుంచి పుట్లకు పుట్లు దొర గడీకి తోలిన తరాలకు ఈ బండి కథ మరో రకంగా చెవికెక్కి ఉంటుంది. బకుడికి గుహ ఉంటేనేం, గడీ ఉంటేనేం.

ఆ ఇంటి నలుగురిదీ గొప్ప ప్రేమే. అయితే ఆ ప్రేమ ఇంటి గడప దాటలేదు. నిన్న పక్కింటి వంతు వచ్చినప్పుడు ఈ ఇంటివాళ్లు గొళ్లెం వేసుకునే కూర్చున్నారు. ఇవాళ పక్కింటివాళ్లూ అదే చేశారు. గడప దాటింది కుంతి. దాక్కుని బతుకుతున్న మనిషి, పొరుగున ఏడుపు వినబడినా విననట్టు ఉండటమే క్షేమమైన మనిషి, లోపలికి పోయి అడిగింది. నాకు ఐదుగురు కొడుకులు, ఒకడు మీ బదులు పోతాడని చెప్పింది. గృహస్థు ఒప్పుకోడు. అతిథిని చావుకు పంపి నేను బతకడమా అంటాడు. అది కూడా ధర్మమే. ఆమె అతణ్ణి ఒప్పించవలసి వచ్చింది.

తర్వాత ధర్మరాజు ఇంటికి వచ్చాడు. సంగతి తెలిసి తల్లిని నిలదీశాడు. పరాయివాడి కొడుకు కోసం కన్నకొడుకును ఇచ్చిన తల్లి ఎక్కడైనా ఉందా, ఎవడి భుజబలాన్ని నమ్ముకుని రాజ్యం తిరిగి వస్తుందని నిద్రపోతున్నామో వాణ్ణే పంపుతావా అని అతడి బాధ. ఈ ప్రశ్నలో నిజం ఉంది. ధర్మం తెలిసినవాడని పేరు పొందిన మనిషే ఇక్కడ లెక్కలు చూసుకుంటున్నాడు. కుంతి కోపం తెచ్చుకోదు. ఈ ఇంటి నీడలో సుఖంగా బతికాం, చేసిన మేలుకు బదులు తీర్చాలి అంటుంది. పసివాడిగా భీముడు తన ఒడిలోంచి జారి బండ మీద పడితే బండే పగిలిన సంగతి గుర్తుచేస్తుంది. తెలియక పంపలేదు, తెలిసే పంపానని చెబుతుంది. ఆమె విశ్వాసం గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అన్నట్టుది కాదు. తాను కన్నబిడ్డ బలం తనకు తెలుసు. ఆ బలాన్ని ఎవరి కోసం వాడాలో కూడా తెలుసు.

ఇక్కడిదాకా చదివి కుంతికి చేతులెత్తి మొక్కి పుస్తకం మూసేయవచ్చు. కానీ భారతం అంత తేలికగా వదిలే గ్రంథం కాదు. నాలుగు పుటలు వెనక్కి తిప్పితే లక్క ఇల్లు ఉంది. ఆ రాత్రి కుంతి అందరికీ భోజనాలు పెట్టింది. ఒక నిషాద స్త్రీ తన ఐదుగురు కొడుకులతో వచ్చి తిని, తాగి, ఒళ్లు తెలియక అక్కడే పడుకుంది. భీముడు ఇంటికి నిప్పు పెట్టాడు. తల్లి, కొడుకులు ఆరుగురు కాలిపోయారు. ఆ శవాలను చూసి పాండవులు పోయారని లోకం నమ్మింది. ఆ నమ్మకం వల్లనే వీళ్లు ఏకచక్రపురంలో క్షేమంగా ఉండగలిగారు. అంటే వీళ్ల వంతు ఆ నిషాద కుటుంబం తీర్చింది, వాళ్లను ఎవరూ అడగకుండానే. బెంగాలీ రచయిత్రి మహాశ్వేతాదేవి ఈ ఘట్టాన్నే పట్టుకుని కుంతికీ ఒక నిషాద స్త్రీకీ మధ్య సంభాషణగా కథ రాశారు.

అంతకన్నా వెనక్కి పోతే కర్ణుడున్నాడు. తన పరువు కోసం కన్నబిడ్డను ఏటిలో వదిలిన తల్లి, పరాయి బిడ్డ కోసం కన్నబిడ్డను రాక్షసుడి మీదికి పంపిన తల్లి ఒకరే. ఈ రెండు పనులకు మధ్య ముడి ఉందని కవి ఎక్కడా చెప్పలేదు. మాకు మాత్రం ఉన్నట్టే అనిపిస్తుంది. ఏకచక్రపురంలో కుంతి తీర్చింది ఆ గృహస్థు అప్పు ఒక్కటే కాదేమో. పేరు లేని ఆ ఆరుగురు ఆమె నిద్రలోకి వచ్చే ఉంటారు. గొప్ప కావ్యాల్లో నీతి ఇట్లా ఉంటుంది. మచ్చలేని మనుషులను తెచ్చి మన ముందు నిలబెట్టదు. మచ్చ ఉన్న మనిషి ఒకనాడు లేచి చేసిన పనిని చూపుతుంది, పాత మచ్చను మాత్రం చెరపదు.

కథ చివర కూడా చూడాలి. భీముడు బకుణ్ణి చంపి శవాన్ని ఊరి వాకిట పడేసి, ఎవరి కంటా పడకుండా ఇంటికి వచ్చేశాడు. జనం వచ్చి ఎవరు చేశారని అడిగితే, మంత్రసిద్ధి ఉన్న ఒక బ్రాహ్మణుడు చేశాడని గృహస్థు చెప్పాడు. ఊరంతా పండుగ చేసుకుంది. చంపినవాడి పేరు ఆ పండుగలో ఎవరికీ తెలియదు. మన సినిమాల్లో కథానాయకుడు తెర మీదికి వచ్చేటప్పుడు పేరు వినబడకపోతే ఈల పడదు. మన తొలి వీరుల్లో ఒకడు ఇంత పెద్ద పని చేసి పేరు చెప్పుకోలేదు. చెప్పుకుంటే చుట్టూ ఉన్నవాళ్ల ప్రాణాలు పోతాయి కాబట్టి చెప్పుకోలేదు.

భీముడి కథ చెప్పుకునే ఈ బోధన్‌కు మరో పేరు పోదన. పదహారు మహాజనపదాల్లో ఒకటైన అశ్మక రాజధాని ఇదేనని చరిత్రకారుల్లో ఎక్కువమంది అభిప్రాయం. జైనులకు ఇది బాహుబలి ఏలిన పౌదనపురం. శ్రవణబెళగొళలో చావుండరాయుడు 981లో నిలిపిన పెద్ద బాహుబలి విగ్రహం గురించి వినని తెలుగువాడు ఉండడు. అన్న భరతుడు పౌదనపురంలో నిలిపిన బాహుబలి విగ్రహాన్ని చూడాలన్న తల్లి కోరికతో బయల్దేరి, ఆ దారి మూసుకుపోయిందని తెలిసి చావుండరాయుడు ఈ విగ్రహం చెక్కించాడని జైనుల ఐతిహ్యం. బోధన్‌కు పోలేక అక్కడ నిలిచిన విగ్రహమన్న మాట.

ఈ బాహుబలి కథను 941లో పంపకవి తన ఆదిపురాణంలో కన్నడంలో రాశాడు. ఆయన వేములవాడ చాళుక్యుడు రెండో అరికేసరి ఆస్థానకవి. ఆ వంశం వాళ్లు వేములవాడకు రాకముందు ఏలింది బోధన్ నుంచే. పంపడి తమ్ముడు జినవల్లభుడు కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద కన్నడ, సంస్కృత పద్యాల పక్కనే తెలుగు కందాలు చెక్కించాడు. నన్నయ ఇంకా పుట్టని కాలమది. అన్న కన్నడానికి ఆదికవి, తమ్ముడు తెలుగు కందానికి తొలి ఆనవాలు. మంజీర, గోదావరుల మధ్య భాషలు ఇట్లా ఒకే ఇంట్లో మసిలాయి. బాన్సువాడ అంగట్లో ఇవాళ్టికీ తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడం ఒకదాని భుజం ఒకటి రాసుకుంటూ నడుస్తాయి.

పంపడు రాసిన ఆ బాహుబలి కథలో, భరతుడు దిగ్విజయం చేసి తిరిగివచ్చాడు. తమ్ముడు బాహుబలి ఒక్కడే తలవంచలేదు. రెండు సేనలు ఎదురెదురు నిలిచాయి. మంత్రులు అడ్డుపడి, ఇద్దరి పంతానికి ఇంతమంది ఎందుకు చావాలి, మీరిద్దరే తేల్చుకోండన్నారు. మూడు పందాలు. కన్నార్పకుండా చూసుకోవడం, నీళ్లు చల్లుకోవడం, కుస్తీ. మూడింటిలోనూ బాహుబలి గెలిచాడు. కుస్తీలో అన్నను రెండు చేతులతో పైకెత్తాడు. నేలకేసి కొట్టవచ్చు. కొట్టలేదు, మెల్లగా దించాడు. అవమానం పట్టలేక భరతుడు చక్రం వదిలాడు. అది తమ్ముడి చుట్టూ తిరిగి ఆగిపోయింది. అన్న చేత ఇంత పని చేయించిన రాజ్యం మీద బాహుబలికి మనసు విరిగింది. గెలిచిన రాజ్యాన్ని అక్కడే వదిలి అడవికి పోయి, కాళ్లకు తీగలు అల్లుకునేదాకా నిలబడి తపస్సు చేశాడు.

పైకెత్తిన అన్నను దించిన ఆ క్షణం దగ్గర మేము ఎప్పుడూ ఆగిపోతాం. హోమర్ ఇలియడ్ కూడా ఇటువంటి చోటే ఆగుతుంది. తన కొడుకు హెక్టర్‌ను చంపినవాడి డేరాకు ట్రాయ్ రాజు, ముసలి ప్రియాం రాత్రిపూట వచ్చి, ఆ చేతులనే ముద్దుపెట్టుకుని శవాన్ని ఇవ్వమని అడుగుతాడు. పగతో రగిలిపోతున్న అకిలిస్ ఆ ముసలివాడిలో తన తండ్రిని చూసి ఏడ్చి, హెక్టర్ శవాన్ని ఇచ్చి పంపుతాడు. ట్రాయ్ పతనం దాకా పోకుండా ఆ కావ్యం హెక్టర్ అంత్యక్రియలతోనే ముగుస్తుంది. హోమర్‌కూ పంపడికీ ఒకరి ఊసు ఒకరికి తెలియదు. కానీ బలం ఉన్న చెయ్యి ఏ ఘడియలో ఆగుతుందో చూడటానికే ఇద్దరూ అంత యుద్ధం రాశారు.

పంపడే రాసిన విక్రమార్జున విజయంలో తన రాజు అరికేసరిని అర్జునుడితో పోల్చి పొగడాలి. పొగిడాడు. అయినా భారతంలో ఎవరినైనా తలచుకోవాలంటే కర్ణుణ్ణే తలచుకోండని చదువరులకు చెప్పాడు. రాజు అన్నం తింటూ ఆ మాట రాయడానికి గుండె ఉండాలి.

ఇక సత్యం గురించి చెప్పాలంటే హరిశ్చంద్రుడి దగ్గరికే రావాలి. ఆ పేరు కూడా మన జిల్లాకు దూరం కాదు. నేటి కామారెడ్డి జిల్లాలోని భిక్కనూరు ఒకప్పటి బిక్కనవోలు. దాన్ని ఏలిన కామినేని మల్లారెడ్డి 16వ శతాబ్దంలో షట్చక్రవర్తి చరిత్రము రాశాడు. హరిశ్చంద్రుడు, నలుడు, పురుకుత్సుడు, పురూరవుడు, సగరుడు, కార్తవీర్యుడు. మాట కోసం అన్నీ ఇచ్చేసిన రాజుతో మొదలయ్యే ఆ వరుసలో, పురాణాలు ముని ఆవును గుంజుకున్నవాడని చెప్పే రాజు కూడా ఉన్నాడు. ఒక రాజు కూర్చుని రాజుల గురించి కావ్యం రాస్తూ ఈ ఆరుగురినీ పక్కపక్కన పెట్టుకున్నాడంటే, అతడి మనసులో ఏదో తూకం సాగుతుండాలి. ఆ వంశం వాళ్లదే అయిన దోమకొండ కోటకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారం వచ్చింది. సంతోషం. కోట గోడలకు సున్నం పట్టించినంత శ్రద్ధగా మల్లారెడ్డి పుస్తకాన్ని మన జిల్లా కాలేజీల్లో ఎవరైనా చదివిస్తున్నారా అన్నదే మా బెంగ.

హరిశ్చంద్రుడి సత్యం మీద మాకొక చిక్కు ఉంది. దాన్ని దాచుకోలేం. మాట ఇచ్చింది రాజు. అంగట్లో నిలబడి అమ్ముడుపోయింది మొదట భార్య చంద్రమతి, కొడుకు లోహితుడు. పాము కాటుకు పోయింది ఆ పిల్లవాడు. బిడ్డ శవాన్ని మోసుకుని ఆమె కాటికి వస్తే, కాటి సుంకం అడిగింది ఆ భర్తే. తన సత్యానికి తాను కట్టే వెల ఒక ఎత్తు. తనవాళ్ల చేత కట్టించే వెల ఇంకో ఎత్తు. బలి చక్రవర్తిని చూడండి. వచ్చిన పొట్టివాడు విష్ణువని గురువు చెప్పాక కూడా, ఇస్తే అంతా పోతుందని తెలిసి కూడా నీళ్లు వదిలాడు. మూడో అడుగుకు తన తలనే చూపాడు. పోతన ఆ ఘట్టాన్ని అంత మనసుపెట్టి రాయడానికి కారణం అదేననుకుంటాం. హరిశ్చంద్ర కథలో ఆ తల మారింది.

అయితే ఈ చిక్కు మాకు కొత్తగా తట్టింది కాదు. ఊళ్లలో రాత్రంతా నాటకం చూసిన జనానికి ఎప్పుడో తెలుసు. కాటి సీను వచ్చేసరికి ఆడవాళ్లు ఎవరిని చూసి కొంగు కళ్లకద్దుకుంటారు? చంద్రమతిని చూసి. కాటి కాపరిగా నిలబడ్డ రాజు నోట బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకంలో లేని జాషువా శ్మశాన పద్యాలను మన నటులు పాడుకున్నారు, జనం వన్స్‌మోర్ కొట్టి మళ్లీ పాడించుకున్నారు. అంటరానివాడని పంక్తి నుంచి లేపిన కవి పద్యాలు లేకపోతే, కాటి యజమాని వీరబాహుడికి అమ్ముడుపోయిన చక్రవర్తి దుఃఖం నిండనట్టయింది. ఏ పండితసభా తీర్మానించని తీర్పు అది. రాత్రి రెండు గంటలకు గుడ్డి వెలుతురులో కూర్చున్న జనం ఇచ్చిన తీర్పు.

జనం తీర్పుల్లో అన్నింటికన్నా పదునైనది సారంగధర కథ. సవతి తల్లి చిత్రాంగి మాట నమ్మి, నేరమెరగని కొడుకు కాళ్లు చేతులు నరికించిన రాజు కథ. ఆ రాజు పేరు రాజరాజనరేంద్రుడని లోకం చెప్పుకుంటుంది. ధర్మశాస్త్రమని, నీతిశాస్త్రమని పొగడబడే భారతాన్ని నన్నయ చేత తెలుగు చేయించిన రాజూ ఆయనే. సారంగధర కథకు చరిత్రలో ఆధారం లేదు. అయినా వందల ఏళ్లుగా ఊరూరా భాగవతాల్లో ఆడుతూనే ఉన్నారు. ధర్మగ్రంథం రాయించినంత మాత్రాన నీ ఇంట్లో న్యాయం ఉన్నట్టా అని జనం ఆ పెద్ద పేరునే పట్టుకుని అడిగినట్టు మాకు వినబడుతుంది.

ఆ కథలను మన వైపు మోసింది ఎవరో చెప్పుకోకపోతే పాపం. చిందు కళాకారులు. బోధన్ పక్కన ఆమ్దాపూర్‌లో బతికి 2005లో కన్నుమూసిన చిందుల ఎల్లమ్మ ఆ కళకు పెద్దదిక్కు. మిగతా భాగవతాల్లో ఆడవేషాలను మగవాళ్లు కట్టేవారు. చిందులో ఆడవాళ్లే కట్టారు. ఆమె కట్టిన ఎల్లమ్మ దేవత వేషానికి జనం మొక్కేవాళ్లు. జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. మాదిగల ఆశ్రిత కులంగా ఊరూరా తిరిగి, తమకు హక్కున్న ఊళ్లలో ఆడి, ఇచ్చింది పుచ్చుకుని బతికినవాళ్లు వీళ్లు. వీళ్ల జాంబపురాణంలో గోసంగి వేషం వస్తుంది. సృష్టికి ముందే ఉన్న జాంబవుడి సంతానం తామని, బ్రాహ్మణుడితో వాదించి గెలుస్తుంది. రాముడి కథ ఆడినా, సావిత్రి కథ ఆడినా ఈ మనుషులు తమ కథను కూడా వదల్లేదు.

ఒకసారి ఆలోచించండి. సత్యం గొప్పదని, పతివ్రత గొప్పదని, ఇచ్చిన మాట తప్పరాదని ఊరికి రాత్రంతా ఆడి చూపిన మనిషి, తెల్లవారి ఆ ఊరి బావిలో నీళ్లు తోడుకోలేకపోయాడు. దేవత వేషంలో ఉన్నంతసేపు మొక్కిన చేతులే, వేషం కడిగాక దూరం జరగమన్నాయి. లక్క ఇంట్లో తిని పడుకున్న ఆ నిషాద తల్లి పేరు భారతం చెప్పలేదు. మన ఊళ్లకు భారతం నేర్పిన మనుషుల పేర్లు మనం రాసిపెట్టుకోలేదు. ఎల్లమ్మ పేరు నిలిచింది. ఆమెతో కలిసి మద్దెల కొట్టినవాళ్లు, తాళం వేసినవాళ్లు, పొట్ట చేతబట్టుకుని చంకన పిల్లతో చంద్రమతి వేషం కట్టిన ఇంకో ఎల్లమ్మ, ఇంకో ఎల్లమ్మ ఏరీ?

ఇటువంటి బాకీలు ఈ నేలలో ఇంకా ఉన్నాయి. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ వల్ల బాన్సువాడ, నస్రుల్లాబాద్, వర్ని, బోధన్ పొలాలు పచ్చబడ్డాయి. అదే జలాశయంలో కొన్ని ఊళ్లు మునిగాయి. ఒక ఊరి పంటకు ఇంకో ఊరు వంతు కట్టింది. ఆ మునిగిన ఊళ్ల మీద ఒక కావ్యం మనకు కావాలి.

ఈ నేల మీదే, నిజామాబాద్ కోటలోని జైలులో 1948లో కవి దాశరథి కృష్ణమాచార్యులు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాశారు. పళ్లు తోముకోవడానికి ఇచ్చిన బొగ్గు అది. పక్కన వట్టికోట ఆళ్వారుస్వామి. ఇళ్లలో వంటలు చేసి, పనిమనిషిగా బతికి, 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా అమ్మిన మనిషి. ఆయన ప్రజల మనిషి నవల ఈ జిల్లా పల్లె బతుకు మీదిదే. 1949లో వచ్చిన అగ్నిధారను దాశరథి ఆయనకే అంకితమిచ్చారు. రాజులకు అంకితమిచ్చే పాత పద్ధతి తెలిసిన పండితుడే, సంప్రదాయంలో మునిగి తేలిన కవే, తన పుస్తకాన్ని జైలు నేస్తానికి ఇచ్చాడు. పాత కావ్యాలను గట్టిగా చదివినవాడు చేసే పని ఇట్లా ఉంటుందని మాకు ఎప్పుడూ అనిపిస్తుంది. వాటిలోని ధైర్యం ఆయన బొగ్గుముక్కలోకి దిగింది.

పాత సాహిత్యం పిల్లలకు నీతి నేర్పుతుందని సభల్లో అందరూ అంటారు. ఏం నేర్పుతుందో మాత్రం చెప్పరు. మంచిగా బతికినవాడికి మేలు, చెడ్డవాడికి కీడు అని నేర్పడానికి ఇన్ని పర్వాలు అక్కర్లేదు. ఫ్రెంచి రచయిత విక్టర్ హ్యూగో నవలను మనవాళ్లు బీదలపాట్లు పేరుతో 1950లో చిత్తూరు నాగయ్యతో సినిమాగా తీశారు. ఆ నవలలో జాఁ వాల్జాఁ పేరు మార్చుకుని మేయరయ్యాడు, వందలమందికి అన్నం పెడుతున్నాడు. ఇంతలో ఎవరో అమాయకుణ్ణి వాల్జాఁ అనుకుని పట్టుకున్నారు. నోరు మూసుకుంటే చాలు, తన వంతు శిక్ష ఇంకొకడు మోస్తాడు, ఊరు బాగుంటుంది. రాత్రంతా మనసుతో కొట్లాడి, తెల్లవారి కోర్టుకు పోయి నేనే వాల్జాఁ అన్నాడు. ఆ రాత్రి అతడి లోపల నడిచిన వాదన ధర్మరాజు కుంతితో వేసిన వాదనే. మనల్ని నమ్ముకున్నవాళ్లు ఇంతమంది ఉండగా ఒక్కడి కోసం అన్నీ పోగొట్టుకోవడం ఏం ధర్మం? ఈ ప్రశ్న దగ్గర పదో తరగతి పిల్లలను ఒక పూట కూర్చోబెట్టి వాదించుకోనివ్వండి. మార్కులు వద్దు. ధర్మరాజు పక్షాన మాట్లాడే పిల్ల ఉంటే ఆమెను తప్పు పట్టొద్దు. ఆమెకు కుంతి ఏం జవాబు చెబుతుందో ఇంకో పిల్లవాణ్ణి వెతకనివ్వండి. లక్క ఇంటి సంగతి ఎవరైనా ఎత్తితే మాస్టారు మాట మార్చొద్దు. అది ఎత్తిన పిల్ల భారతాన్ని అందరికన్నా బాగా చదివినట్టు.

ఈ సంచిక నుంచి మేమొక పని మొదలుపెడుతున్నాం. నస్రుల్లాబాద్, బీర్కూర్, బాన్సువాడ, వర్ని, కోటగిరి, రుద్రూర్, బోధన్ మండలాల ఊళ్లలో చిందు భాగవతం, వీధి బాగోతం, హరికథ, పౌరాణిక నాటకం ఆడినవాళ్లు, ఆడించినవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల ఇళ్లలో చేతిరాత నోటుబుక్కులు, చెర్విరాల భాగయ్య యక్షగానాల చిరిగిన ప్రతులు ట్రంకుపెట్టెల్లో ఉంటాయి. బడిపంతుళ్లు, కాలేజీ పిల్లలు వాళ్ల దగ్గరికి పోయి, ఇంటివాళ్ల అనుమతితో ఆ పుటలకు ఫొటోలు తీసి పంపండి. పుస్తకం ఇంటివాళ్ల దగ్గరే ఉండాలి. ఏ కథలో ఏ ఘట్టం వచ్చినప్పుడు జనం లేచి డబ్బులు చదివించేవాళ్లో, ఎక్కడ ఏడ్చేవాళ్లో అడిగి రాయండి. అచ్చు కావ్యంలో లేని మాట వాళ్ల నోట ఉంటే దిద్దకుండా ఉన్నదున్నట్టు రాయండి. వేషం కట్టినవారి పేరు, మద్దెల వాయించినవారి పేరు, ఊరి పేరు తప్పకుండా కావాలి, వాళ్లు ఒప్పుకుంటేనే వేస్తాం. వచ్చే సంచికలో మొదటి ఎనిమిది పుటలు దీనికే పెట్టాం.